కనిపెట్టడం మరచిన సంఘం

తెలుగు క్రైస్తవులుగా మనం ప్రతి ఆదివారం తలలు వంచి పాపాలు ఒప్పుకుంటాం. కోపం ఒప్పుకుంటాం, అబద్ధం ఒప్పుకుంటాం, లోకాశలు ఒప్పుకుంటాం. ఆ జాబితాలోకి తొందర ఎన్నడూ రాదు. దేవుడు మాట్లాడేదాకా ఆగలేకపోవడం, మాట్లాడినప్పుడు వినే తీరిక లేకపోవడం పాపాలని మనకు తోచదు. ఆ తొందరకు మనం ఆత్మావేశమని పేరు పెట్టుకున్నాం, విశ్వాసంలో ధైర్యమని చెప్పుకున్నాం. మన తరం సంఘం చేసిన పెద్ద తప్పు ఇదేనని నా నమ్మకం. దేవుని సన్నిధిలో ఆగాల్సినచోట పరుగెత్తాం. పక్క మనిషికి అన్యాయం జరుగుతుంటే, లేచి నిలబడాల్సిన వేళ, ఓర్చుకోవడమే భక్తి అని బోధించాం. ఓపిక ఉండాల్సినచోట లేదు, ఉండకూడనిచోట ఉంది.

దానియేలు తన ప్రజల పాపం ఒప్పుకున్నప్పుడు తనను పక్కన పెట్టుకోలేదు. ఆ గ్రంథం తొమ్మిదో అధ్యాయంలోని ప్రార్థన అంతా ‘మేము’ అనే సాగుతుంది. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విన్న నెహెమ్యా కూడా తానూ తన తండ్రి ఇంటివారూ పాపం చేశామనే అన్నాడు. ఈ విషయంలోనూ వేలెత్తి చూపడానికి ‘వాళ్లు’ అంటూ ఎవరూ లేరు. కాపరులు, సంఘ పెద్దలు, పాటలు కట్టేవాళ్లు, పత్రికల్లో రాసేవాళ్లు, వెనక వరసలో కూర్చొని వినేవాళ్లు, అందరం కలిసి చేసిన పని ఇది.

డిసెంబరుతో మొదలుపెడదాం. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను ఆగమన కాలంగా సంఘం శతాబ్దాలుగా ఆచరిస్తోంది. సీఎస్ఐ, లూథరన్, రోమన్ కథోలిక సంఘాల పంచాంగాల్లో ఆ కాలం ఇప్పటికీ ఉంది. బలిపీఠం మీద ఊదారంగు వస్త్రం పరుస్తారు. అది పండుగ రంగు కాదు, సిద్ధపాటు రంగు. వచ్చినవానికి కృతజ్ఞత చెప్పడానికీ, తిరిగి రానున్నవాని కోసం మనసు దిద్దుకోవడానికీ ఇచ్చిన రోజులవి. ఆ రోజులను మనం ఏం చేశాం? నవంబరు ముగియకముందే సెమీ క్రిస్మస్‌లు మొదలుపెట్టాం. యూత్ క్రిస్మస్, స్త్రీల క్రిస్మస్, ఐక్య క్రిస్మస్, ఆఫీసు క్రిస్మస్, నాయకులను పిలిచి చేసే తేనీటి విందు క్రిస్మస్ అంటూ నెలంతా కేకులు కోశాం. ఊదారంగు వస్త్రం పక్కనే రంగు దీపాలు వెలిగించాం. ఇరవై అయిదో తేదీ వచ్చేసరికి గాయక బృందానికి గొంతు లేదు, పిల్లలకు ఆశ్చర్యం లేదు, కాపరికి చెప్పడానికి కొత్త మాట లేదు. క్రిస్మస్ కాలం నిజానికి ఆ రోజున మొదలై జనవరి అయిదు దాకా పన్నెండు రోజులు సాగాలి. మనకు మాత్రం ఇరవై ఆరున పందిరి విప్పడంతో అయిపోతుంది.

పండుగ చేసుకోవడం తప్పని నేననడం లేదు. పల్లెలో కూలికి వెళ్లే కుటుంబం ఏడాదికి ఒకసారి కొత్త బట్టలు కట్టుకొని పాడుకోవడాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. నా బాధ వేరు. ఎదురుచూడడం నేర్పే ఒకే ఒక్క కాలం మన చేతుల్లో ఉండేది. దాన్ని మన పిల్లలకు అందకుండా చేశాం. యెరూషలేము దేవాలయంలో సుమెయోను, అన్న అనే ఇద్దరు వృద్ధులు మెస్సీయ కోసం ఏళ్ల తరబడి కనిపెట్టుకొని ఉన్నారని లూకా రాశాడు. అన్న ఎనభై నాలుగేళ్ల విధవరాలు. దేవాలయం విడవకుండా ఉపవాస ప్రార్థనలతో సేవ చేసింది. ఆ రోజు ఆ ఆవరణలో ఎంతో మంది ఉండి ఉంటారు. పేదవాళ్ల అర్పణ అయిన పక్షులతో వచ్చిన తల్లిదండ్రుల చేతుల్లోని పసివాణ్ణి గుర్తుపట్టినవాళ్లుగా లూకా పేరు పెట్టి చెప్పింది ఈ ఇద్దరినే. ఇన్నేళ్లు ఎదురుచూసిన కళ్లు కాబట్టి గుర్తుపట్టాయి. మన సంఘంలో అన్న లాంటి ముసలమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు ప్రార్థన మొదలుపెడితే నిడివి ఎక్కువవుతుందని మైకు ఇవ్వడం మానేశాం.

డిసెంబరు దాటితే జనవరి. ముప్పై ఒకటో తేదీ రాత్రి ఆరాధన మనకు ఎంతో ప్రియమైనది. ఆ రాత్రి చర్చి నిండినట్టు ఏడాదిలో మరెప్పుడూ నిండదు. మెథడిస్టు సంఘాల్లో కొత్త సంవత్సరం మొదట్లో నిబంధన ఆరాధన చేసే ఆచారం ఉంది. జాన్ వెస్లీ 1755లో లండన్‌లో ప్రారంభించిన ఆరాధన అది. అందులో విశ్వాసి తనను తాను దేవునికి అప్పగించుకుంటాడు. పనిలో పెట్టినా సరే, పక్కన పెట్టినా సరే, నింపినా సరే, ఖాళీ చేసినా సరే అని ఒప్పుకోవడం దాని సారాంశం. మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చింది ఆ సంప్రదాయం వాళ్లే. ఇవాళ ఆ రాత్రి మనకు మిగిలింది వాగ్దాన కార్డు. బుట్టలో చెయ్యి పెట్టి ఒక వచనం తీసుకోవడం, అది మనకు నచ్చిందా లేదా చూసుకోవడం. దేవునికి మనల్ని అప్పగించుకోవాల్సిన రాత్రిని, దేవుని దగ్గర ఈ ఏడు మనకేం రాసి ఉందో తెలుసుకునే రాత్రిగా మార్చేశాం.

ఆ కార్డుల మీద ఎక్కువగా కనబడే వచనం యిర్మీయా ఇరవై తొమ్మిదో అధ్యాయం పదకొండోది. దేవుని ఉద్దేశాలు కీడుకు కాక మేలుకేననీ, ముందు కాలానికి నిరీక్షణ ఉందనీ చెప్పే మాట అది. ఎంతోమందికి ఆదరణ ఇచ్చిన వచనం. అయితే దాని పై వచనం కార్డు మీద ఉండదు. ఆ మేలు డెబ్బై ఏళ్ల తర్వాత వస్తుందని అక్కడ ఉంది. బబులోనుకు చెరపట్టబడి వెళ్లినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోని మాటలవి. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల్ని కనండి, మీరు ఉన్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఆ ఉత్తరం చెప్పింది. దాన్ని చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. మనవలు చూస్తారు. నిరీక్షణ అంటే అదని ప్రవక్త చెప్పాడు.

దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే మరో ప్రవక్త కనబడతాడు. రెండేళ్లలో అందరూ తిరిగి వచ్చేస్తారని దేవాలయంలో, యాజకుల ముందు, జనం ముందు ప్రకటించాడు. యిర్మీయా అప్పటికప్పుడు దేవుని పేరుతో మరో ప్రవచనం చెప్పలేదు. అలాగే జరిగితే మంచిదే, ఆమేన్ అన్నాడు, క్షేమం ప్రకటించే ప్రవక్తను ఎలా పరీక్షించాలో గుర్తుచేశాడు. హనన్యా ఆయన మెడ మీది కాడిని లాగి విరగ్గొట్టినా, యిర్మీయా తన దారిన వెళ్లిపోయాడు. దేవుని మాట ఆయనకు ఆ తర్వాత వచ్చింది. నలభై రెండో అధ్యాయంలో, ప్రాణభయంతో ఉన్న జనం దేవుని చిత్తం కనుక్కొని చెప్పమని బతిమాలితే, యిర్మీయాకు జవాబు వచ్చింది పది రోజుల తర్వాత. ఆ పది రోజులూ జనం వణుకుతూ ఉన్నారు. ప్రవక్త నోరు తెరవలేదు. ఇవాళ మన మధ్య ఫోను చేసినవాళ్లకు నిమిషంలో ప్రవచనం చెబుతున్నారు. పేరు, ఊరు, సమస్య అడిగి అక్కడే తేల్చేస్తున్నారు. అలా చెప్పేవాళ్లను పెంచి పోషించింది మనమే. యిర్మీయా వచనాన్ని గోడకు తగిలించుకొని, హనన్యా బోధను నమ్ముకున్నాం.

మన సంఘం ఇలా పుట్టలేదు. దాని పునాదుల్లో ఎంత నిరీక్షణ ఉందో ఒంగోలు చరిత్ర చెబుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చాడు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదిహేడేళ్లు గడిచాక చూస్తే విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో అమెరికాలో జరిగిన వార్షిక సభలో ఈ మిషన్‌ను మూసేద్దామన్న ఆలోచన వచ్చింది. మ్యాపులో ఒంటరిగా ఉన్న కేంద్రం కాబట్టి ఒంటి నక్షత్రమని దానికి పేరు. మూసేయడానికి మనసొప్పక కొనసాగించారు. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, వాళ్లతో కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కన ఉన్న కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు ఉన్నాయి. ఆ పన్నెండేళ్లలో కొండ మీది ప్రార్థన ఫలించలేదని ఎవరైనా అని ఉంటే జవాబు చెప్పడానికి వాళ్ల దగ్గర ఏ రుజువూ లేదు.

ఎర్రగుంట్ల పేరయ్య సంగతీ అంతే. తాళ్లకొండపాడుకు చెందిన ఈ మాదిగ పెద్ద క్రీస్తు పేరు వినడానికి ముందే సత్యం కోసం గురువులను ఆశ్రయించినవాడు. యోగం నేర్చుకొని ధ్యానంలో కూర్చున్నవాడు. చదువు లేని, ఊరి బయట బతికిన మనిషి తన లోపలి ఆకలిని అంత ఓపిగ్గా మోశాడు. సువార్త విన్నప్పుడు అది తాను వెతుకుతున్నదేనని గుర్తుపట్టాడు. మాదిగపల్లెల్లో సువార్త వ్యాపించడానికి మొదటి కారకుల్లో ఆయన ఒకడు. తెలుగు సంఘం మిషనరీ బంగళాలో కంటే ముందు పేరయ్య లాంటివాళ్ల ఎదురుచూపులో మొదలైంది.

ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. దక్షిణ భారతంలో లక్షల మంది చనిపోయారు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పనిని క్లౌ కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి ఇచ్చాడు. పని చేసేవాళ్లకు సాయంత్రాల్లో బోధకులు సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట ఆ విశ్వాసం మీద పడకూడదనుకున్నాడు. సాయం ముగిసింది, ఇక ఇవ్వడానికి డబ్బులు లేవు. అయినా జనం వచ్చారు. 1878 జూలై మూడున వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ 2,222 మన జ్ఞాపకంలో చెక్కుకుపోయింది. దానికి ముందు నడిచిన ఏడాది నిరాకరణ మనకు గుర్తులేదు. అడిగినవాణ్ణి ఆగమని చెప్పగలిగిన ఆ నిజాయితీ ఇవాళ మన ఏ సంస్థలో ఉంది? సంఖ్య పెరుగుతోందంటే చాలు, ఎందుకు వస్తున్నారన్న ప్రశ్న మనం అడగడం లేదు. మహాసభలో చేతులెత్తినవాళ్ల లెక్క నివేదికలో రాసి పంపిస్తున్నాం. ఆరు నెలల తర్వాత వాళ్లు ఎక్కడ ఉన్నారో చూసేవాళ్లు లేరు.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య జీవితం మరో పాఠం. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయ్యాడు. వేర్వేరు శాఖలుగా ఉన్న సంఘాలు ఒక్కటి కావాలన్న ప్రయత్నానికి 1919లో ట్రాంక్విబార్ సమావేశంలో నాంది పలికినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ మాటలు, చర్చలు, మనస్పర్థలు, మళ్లీ కూర్చోవడాలు 28 ఏళ్లు నడిచాయి. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. అజరయ్య దాన్ని చూడలేదు. 1945 జనవరి ఒకటిన కన్నుమూశాడు. తాను కోసుకోని పంటకు విత్తనం వేసి వెళ్లాడు. ఆయన వారసులమైన మనం ఏం చేశాం? ఒక కమిటీ ఎన్నికలో ఓడిపోతే మర్నాడే కోర్టుకు వెళ్లాం. ఒక మాట పట్టింపుతో పక్క వీధిలో కొత్త బోర్డు పెట్టాం. 28 ఏళ్లు కూర్చొని ఒక్కటైన సంఘాన్ని ఒక్క సాయంత్రంలో చీల్చడం నేర్చుకున్నాం.

ఇప్పుడు ఇంకా నొప్పి కలిగించే చోటుకు రావాలి. మన ఆరాధనలో సాక్ష్యం చెప్పే సమయం ఉంది. ఉద్యోగం వచ్చినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, బిడ్డ పుట్టినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు ముందుకొచ్చి దేవుణ్ణి స్తుతిస్తారు. అది మంచిదే. ఇంకా రానివాళ్లు ఆ సమయంలో ఎక్కడ ఉంటారు? పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేని చెల్లెలు, మూడోసారి డీఎస్సీ రాసి తప్పిన తమ్ముడు, డయాలసిస్ మీద ఉన్న భర్తను వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లే అక్క అదే చాప మీద కూర్చొని చప్పట్లు కొడుతుంటారు. వాళ్ల విశ్వాసానికి మన దగ్గర మైకు లేదు. జవాబు రాకపోయినా దేవుణ్ణి వదలని ఆ మనుషులే నిజానికి సంఘంలో బలమైన సాక్షులు. వాళ్లను మనం చూడలేదు. అంతకంటే ఘోరంగా, నీ విశ్వాసం చాలలేదమ్మా, నీ ఇంట్లో ఏదో శాపం ఉంది, ఇంకో నలభై రోజులు ఉపవాసం ఉండు అని చెప్పి పంపాం. మందులు మానేయడమే విశ్వాసమని చెప్పిన గొంతులు మన మధ్య ఉన్నాయి. వాటిని వేదికల మీద నుంచి దింపే ధైర్యం మనం చేయలేదు.

యోబు స్నేహితులు ఆయన బాధ చూసి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా పక్కన నేల మీద కూర్చున్నారు. వాళ్లు చేసిన ఒకే ఒక్క మంచి పని అది. ఎనిమిదో రోజు నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే దేవుని కోపానికి గురయ్యారు. మనం ఆ ఏడు రోజులను వదిలేసి, తరువాతి మాటలనే నేర్చుకున్నాం. కీర్తనల గ్రంథం తెరిచి చూడండి. దాదాపు మూడోవంతు కీర్తనలు విలాపాలే. పదమూడో కీర్తనలో దావీదు ఇంకా ఎన్నాళ్లని నాలుగుసార్లు దేవుణ్ణి నిలదీస్తాడు. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఆఖరి చరణంలోనూ వెలుగు కనబడదు. ఆ కీర్తనను కూడా పరిశుద్ధాత్మ బైబిలులో ఉంచాడు. మన పాటల పుస్తకాల్లో, మన స్క్రీన్ల మీద దానికి చోటు దొరకలేదు. విజయం గురించి పాడే పాటలే ఎంచుకున్నాం. ఓడిపోయి ఆదివారం వచ్చినవాడికి పాడుకోవడానికి ఒక్క చరణం కూడా ఇవ్వలేకపోయాం.

ఈ తొందర ఎక్కడి నుంచి వచ్చింది? పేదవాణ్ణి తప్పుపట్టి తప్పించుకోలేం. అప్పులవాడు గుమ్మంలో కూర్చున్నవాడికి, ఆస్పత్రి బిల్లు కట్టలేనివాడికి జవాబు ఈ రోజే కావాలి. అతని తొందర అవసరం నుంచి వచ్చింది, దేవుడు దాన్ని అర్థం చేసుకుంటాడు. మన తొందరకు మూలం సౌలు కథలో ఉంది. మొదటి సమూయేలు గ్రంథం పదమూడో అధ్యాయంలో సౌలు గిల్గాలులో సమూయేలు కోసం ఏడు రోజులు ఆగాడు. చెప్పిన గడువు దాకా ఆగినవాడే. సమూయేలు రావడం ఇంకాస్త ఆలస్యమయ్యేసరికి తానే దహనబలి అర్పించాడు. ఎందుకని అడిగితే చెప్పిన మొదటి కారణం, జనం తన దగ్గర నుంచి చెదరిపోతున్నారని. ఆ మాట దగ్గరే మన రోగం ఉంది. జనం పక్క సంఘానికి వెళ్లిపోతారేమో, వీక్షకులు తగ్గుతారేమో, కానుక తగ్గుతుందేమో అన్న భయంతో మనం దేవుడు చెప్పనివి చెప్పాం, ఆయన ఇవ్వని తేదీలు ఇచ్చాం. నిశ్శబ్దంగా ఉండాల్సిన కాపరికి ఆ నిశ్శబ్దాన్ని భరించే సంఘం లేదు. ఆయన్ను ఆ భయంలోకి నెట్టింది మనం వారం వారం చేసే పోలికలు, మన కొనుగోలు మనస్తత్వం. మోషే కొండ మీద ఆలస్యం చేశాడని దూడను అడిగింది జనమే, పోసి ఇచ్చింది అహరోను. ఆ పాపంలో ఇద్దరికీ వాటా ఉంది.

ఈ లెక్కకు రెండో పక్క మరింత బరువైనది. దేవుని ముందు ఒక్క నిమిషం ఆగలేని మనం, అన్యాయం ముందు తరాల తరబడి ఆగమని చెప్పాం. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో దళితవాడ అంటే చర్చి ఉన్న వాడ. చుండూరులో 1991 ఆగస్టు ఆరున ఎనిమిది మంది దళితులను చంపేశారు. ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ ఇరవై మూడేళ్ల ఎదురుచూపును మన సంఘాల ప్రార్థనల్లో ఎంతమంది మోశాం? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను మతంతో ముడిపెట్టింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ అడ్డు తొలగింది. క్రైస్తవ దళితులు ఇంకా బయటే ఉన్నారు. ఆ విషయం మన వేదికల మీద రాజకీయమని పక్కకు పోయింది. సంఘం లోపల కులం చూసి సంబంధాలు కుదుర్చుకున్నాం. కొన్నిచోట్ల సమాధుల దగ్గర కూడా వరసలు వేరుగా ఉంచుకున్నాం. దెబ్బలు తిని వచ్చిన భార్యను ఓర్చుకో తల్లీ, ప్రభువు మారుస్తాడని చెప్పి అదే ఇంటికి పంపాం. ఆమెకు మనం బోధించినది ఓర్పు అనుకున్నాం. మనం తప్పించుకున్నది బాధ్యతను.

కనిపెట్టుకొని ఉండడానికి, నోరు మూసుకొని ఉండడానికి ఉన్న తేడాను యేసు ఎంతో స్పష్టంగా చెప్పాడు. విసుగక ప్రార్థించడానికి మాదిరిగా లూకా పద్దెనిమిదో అధ్యాయంలో ఆయన చూపింది ఒక విధవరాలిని. ఆమె అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చి న్యాయం అడిగింది. కదలకుండా కూర్చోలేదు. యాకోబు తన పత్రికలో ఓపికకు రైతును చూపించాడు. తొలకరి కోసం, కడవరి వాన కోసం కనిపెట్టే రైతు నిద్రపోడు. మడి దున్నుతాడు, గట్టు వేస్తాడు, కలుపు తీస్తాడు, పిట్టల్ని తోలుతాడు. వానను తాను తేలేనని మాత్రం అతనికి తెలుసు. తన చేతిలో ఉన్నది పూర్తిగా చేసి, తన చేతిలో లేనిదాన్ని దేవునికి వదిలిపెట్టడమే క్రైస్తవ నిరీక్షణ. మనం దీన్ని తిరగేశాం. దేవుని పనిని మన చేతుల్లోకి తీసుకున్నాం, మన పనిని దేవుని మీదకు నెట్టాం.

ఇది సరిదిద్దుకోలేని తప్పు కాదు. దిద్దుకునే మార్గం మనకు తెలియనిదీ కాదు. మన నేల మీద దానికి బలమైన సంప్రదాయం ఉంది. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషను సన్నిధి కూటాలను నేర్పింది. మాటలు ఆపి, అడగడం ఆపి, ప్రభువు సన్నిధిలో కూర్చొని కనిపెట్టడం అక్కడి సాధన. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా పనిచేసిన భక్త్ సింగ్ గంటల తరబడి మోకాళ్ల మీద ఉండి, దేవుని నడిపింపు స్పష్టమయ్యాకే అడుగు వేసేవాడని ఆయన్ను ఎరిగినవాళ్లు చెప్పారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో పాట మీద రాగం, తాళం వేసి ఉంటాయి. తొందరగా పాడేసి కూర్చోవడానికి కట్టిన పాటలు కావవి. ఆ వారసత్వాన్ని మన పెద్దలు మన చేతికే ఇచ్చి వెళ్లారు. సౌండ్ బాక్సులు కొన్నప్పుడు దాన్ని గదిలో మూలన పెట్టాం.

గెత్సేమనేలో యేసు తన శిష్యులను అడిగింది పెద్ద సాహసం కాదు. ఒక గంట తనతో మెలకువగా ఉండమన్నాడు. పేతురు కత్తి తిప్పడానికి సిద్ధంగా ఉన్నాడు, ఆ గంట మేలుకొని ఉండలేకపోయాడు. కత్తి తిప్పే పేతురు మనకు బాగా తెలుసు, నిద్రపోయిన పేతురు కూడా మనమేనని ఒప్పుకోవాలి. ఆ నిద్ర వల్ల యేసు సిలువ ఆగలేదు. శిష్యులు మాత్రం పరీక్ష వచ్చినప్పుడు నిలబడలేక పారిపోయారు. మెలకువ నేర్చుకోని సంఘం కష్టం వచ్చిన రోజున ఏం చేస్తుందో చెప్పడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి కాపరులకు, పెద్దలకు, నా తోటి విశ్వాసులకు నా మనవి ఇది. ఈ ఏడు ఆగమన కాలపు నాలుగు ఆదివారాలను వాటి పనికే వదిలేయండి. కేకులు ఇరవై అయిదు తర్వాత కోసుకుందాం, పన్నెండు రోజులు మనవే. ఆరాధనలో కనీసం అయిదు నిమిషాలు పాట, వాయిద్యం, మాట ఏదీ లేకుండా కూర్చుందాం. మొదట ఇబ్బందిగా ఉంటుంది, భరిద్దాం. సాక్ష్యం సమయంలో ఇంకా జవాబు రానివాళ్లను పిలుద్దాం. వాళ్లు ఏడిస్తే ఏడవనిద్దాం, వచనం చెప్పి ఆపొద్దు. రోగి మంచం దగ్గరికి వెళ్తే తేదీ చెప్పకుండా వచ్చేద్దాం, మందు మానమని ఎవరు చెప్పినా అది వాక్యం కాదని అక్కడే చెబుదాం. వాగ్దాన వచనం తీసుకుంటే ఆ అధ్యాయమంతా చదువుదాం. బాప్తిస్మం అడిగినవాడికి ఎందుకు అడుగుతున్నాడో చెప్పుకునే సమయం ఇద్దాం. న్యాయం కోసం ఎదురుచూస్తున్న కుటుంబం మన సంఘంలో ఉంటే, వాళ్లతో కోర్టు వాయిదాకు వెళ్లడం కూడా ప్రార్థన కూడికేనని గుర్తిద్దాం. కొట్టబడ్డ ఇల్లాలిని ఆ ఇంటికి తిరిగి పంపే పని ఇక ఎన్నడూ చేయకుందాం.

దేవుడు ఆలస్యం చేస్తున్నాడని చాలా ఏళ్లుగా ఫిర్యాదు చేశాం. ఆయన తన పని ఆపలేదు. మనం చూడడం ఆపేశాం. క్షమించమని ఆయన్ను అడుగుదాం. ఆ తర్వాత, మన వల్ల గాయపడి వెనక వరసలోంచి మెల్లగా లేచి వెళ్లిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి వాళ్లనూ అడుగుదాం.